అక్క పోనిచ్చిన బస్సులు

సమతక్కకు, ఆలూరు నుంచి నీ తమ్ముడు జగదీశ్ దండం పెట్టి రాసేది.

ఫోన్ల మాట్లాడాలంటే నాకు సిగ్గు, అందుకే మెసేజ్ పెడుతున్న. నిన్న ఫామ్‌హౌస్‌లకు నీళ్ల క్యాన్లు ఏసి వస్తుంటే మొయినాబాద్ స్టాపుల నిన్ను చూసిన. చేవెళ్ల బస్సు ఖాళీగ వచ్చింది, ఎక్కలే. ఎన్క ఇంకోటి వచ్చింది, అది గూడ ఎక్కలే. ఊకె పల్లీలు తినుకుంట కూసున్నవ్. కాలేజీ ఆఫీసుల ఎవరన్న ఏమన్న అన్నరా? లేకుంటే బావనా? ఇంటికి పోబుద్ధి అయితలేదా?

నీ జగ్గు

మరిచిన: అమ్మకు ఏం చెప్పలే. "అక్క గురించి నీకొకటి చెప్పొద్దనుకుంటున్న" అన్న, గంతే.


జగ్గుకు, ఫికర్ చెయ్యకని అక్క రాసేది.

ఎవ్వరేమనలేరా. పొద్దంత అడ్మిషన్ కౌంటర్ల పిల్లల తల్లిదండ్రులు నా మీదనే లొల్లి చేస్తరు. అయినా ఆ పని నాకిష్టం. మీ బావ గూడ ఇష్టమే. కని అందుట్లకెల్లి ఇందుట్లకు సీదా దుంకితే దిమాగ్ ఖరాబైతది. అందుకే ఒక బస్సో రెండో పోనిస్త. ఆ జరసేపు నేను మేడమ్‌ను గాదు, కోడల్ని గాదు. పల్లీలు తినే మనిషిని. ఎవ్వరికి చెప్పకు.

అక్క

మరిచిన: అమ్మ ఫోన్ మీద ఫోన్ చేస్తున్నది. ఏం చేసినవ్ రా?


అక్కకు, తిట్టకుంట చదువుమని తమ్ముడు.

అమ్మ అడిగితే నీ మాటనే చెప్పిన. "అక్కకు బావ ఇష్టమేనట, కని సీదా ఇంటికి పోతే దిమాగ్ ఖరాబైతదట" అన్న. అమ్మ పక్కింటి సుక్కమ్మకు చెప్పింది. పొద్దుగూకేవరకు బావ నిన్ను కొడుతున్నడని ఊరంత అయింది. బాపు ఇస్త్రీ అంగీ ఏసుకోని చేవెళ్ల పోయి, బావ ఎరువుల దుకాణం ముంగట నిలబడి, మా బిడ్డ బస్సెందుకు ఎక్కుతలేదని అడిగిండంట. బావ బిత్తరపోయి, బస్సుల తకలీఫ్ అయితుండొచ్చు మామా, రేపటి నుంచి నేనే బండి మీద తెస్త అన్నడంట.

నీ జగ్గు

మరిచిన: బండికి కట్టమని అమ్మ నిమ్మకాయలు పంపింది.


నా కొంప ముంచిన తమ్మునికి,

రోజూ మీ బావ కాలేజీ గేటు కాడ హెల్మెట్ పెట్టుకోని నిలబడుతున్నడు. దారి పొడుగున "అలిసినవా" అని అడుగుతడు. మంచోడు, అందుకే ఏం అనొస్తలేదు. నిన్న చాయ్ గిన్నె పట్టుకోని ఏడ్చిన. ఆయన బెదిరి, నౌకరి బంద్ చెయ్యమంటున్నడు. అది గూడ పోతే నాకేం మిగుల్తదిరా? నువ్వు పెట్టిన లొల్లి, నువ్వే సర్దు.

సమత

మరిచిన: బావతోని మాట్లాడు. మెసేజ్ గాదు, నోటితోని.


అక్కకు, నోటితోని మాట్లాడిన తమ్ముడు.

బావ దుకాణం కాడికి పోయిన. జేబులకెల్లి పల్లీల పొట్లం తీసి బావ ముంగట పెట్టిన. "అక్కకు ఇంట్ల కూసునుడు వద్దు బావా. ఇంటికి వచ్చేముందు జరసేపు కూసునుడు కావాలె" అన్న. బావ పొట్లం దిక్కు చూసి నవ్విండు. దుకాణం బంద్ చేసినంక ఆయన గూడ సీదా ఇంటికి రాకపోతుండెనంట. బస్టాండు హోటల్ల చాయ్ తాగుకుంట ఒక్కడే కూసుంటుండెనంట. నిన్ను తెచ్చుడు మొదలైనంక అది బందైంది. "నాకు గూడ దిమాగ్ తిరుగుతున్నది జగ్గూ, మీ అక్కకెట్ల చెప్పాల్నో తెలుస్తలేదు" అన్నడు.

నీ జగ్గు

మరిచిన: పల్లీలు ఆయనే తిన్నడు.


బంగారు తమ్మునికి, స్టాపుల కూసోని అక్క రాసేది.

బండి బందైంది, నౌకరి ఉన్నది. మీ బావ చాయ్ కాడ, నేను పల్లీల కాడ. ఇంటికొచ్చేవరకు ఇద్దరం మనుషులమైతున్నం. నీ నోరు గూడ మంచిగనే పనిచేస్తది, అప్పుడప్పుడు వాడు.

సమతక్క

మరిచిన: అమ్మ కోసం ఊరంత దేవులాడకుర్రి. ఫ్రీ బస్సెక్కి వచ్చి నా పక్కనే కూసున్నది. రెండు బస్సులు పోయినయ్. లేద్దామా అంటే "ఇంకొక్కటి పోనియ్ బిడ్డా" అంటున్నది. బాపుకు నువ్వే వండిపెట్టు.