విమానం పోయేదాకా

శుక్రవారం, రాత్రి

పొద్దున అక్కతో ఫోన్లో మాట్లాడుతూ అమ్మ మధ్యలో ఆగిపోయింది. ఇంటి మీదుగా విమానం పోతోంది. శంషాబాద్‌లో అందరం అంతే, చప్పుడు తగ్గేదాకా మాట ఆపుతాం. అండమాన్ వెళ్ళిన కొత్తలో అక్క కూడా ఫోన్లో అలాగే ఆగి ఎదురుచూసేది.

ఇవాళ మాత్రం, "ఏందమ్మా, సప్పుడు చేస్తలేవు? లైన్ కట్టయిందా?" అంది.

"విమానం పోతుందే. గంతలోనే మరిచినవా?" అంది అమ్మ.

అక్క నవ్వింది. "మరిచేపోయిన. ఈడ ఎప్పుడూ వాన సప్పుడే గదా."

ఎప్పుడు తిరిగొచ్చేస్తారని అడగాలని ఫోన్ తీసుకున్నాను. కానీ వాళ్ళ పాప ఏం తింటోందని అడిగాను.

"చేపలే. ముళ్ళు గూడ అదే తీసుకుంటది," అంది అక్క.

మంచిదే అన్నాను.

అక్కావాళ్ళు అండమాన్ వెళ్ళకముందు ఉన్న మా పైగదులు నాన్న నిన్న కిరాయికి ఇచ్చేశారు.