టోపీ కింది వాపు

పాప నాన్నగారికి,

నేను కోలుకుంటున్నాను, కుట్లు మానుతున్నాయి. మీరూ మీ ఓడా ఏ తుఫానుకూ చిక్కకుండా ఉన్నారని తలుస్తాను. పాప ముక్కు అచ్చం మీదేనని మీరు రాసింది చదివి వినిపిస్తే, "ముక్కు అతనిదైతే, దాని మీది కోపం నీది," అంది అమ్మ.

అన్ని ఫోటోల్లోనూ పాపకు టోపీ ఎందుకని అడిగారు. చలికని ముందు రాశాను. చలికి కాదు.

కాన్పు కష్టమైంది. తల దిగకపోతే కప్పులాంటిది తగిలించి లాగారు. పుట్టేసరికే నడినెత్తిన మెత్తటి వాపు. "నువ్వు పుట్టినప్పుడు నీ తలా సొరకాయే. అదే సర్దుకుంది," అంది అమ్మ. నవ్వుకున్నాం. సాయంత్రానికి వాపు చెవుల వెనక్కి జారింది. వేలు ఆనిస్తే నీళ్ళసంచిలా కదిలింది. పాప పెదవులు పాలిపోయి, ఏడుపు సన్నగిల్లింది. నర్సు చూసిందే తడవుగా పాపను ఎత్తుకుని స్కాన్ గదికి పరుగెత్తింది.

వెనకే నన్నూ తీసుకెళ్ళి, తల కదలకుండా నన్నే పట్టుకోమన్నారు. స్కాన్ డాక్టరమ్మ జెల్లును వేళ్ళ మధ్య వెచ్చజేసి రాసింది. తెర మీద ఒక తెల్లటి గీత చూపించింది.

"ఇది ఎముకమ్మా. దీని పైన నల్లగా ఉందే, అదంతా నెత్తురు."

"మెదడులోకి పోయిందా?"

"లేదు, చర్మానికీ ఎముకకూ మధ్యే ఉంది. కానీ ఒంట్లో తిరగాల్సింది ఇక్కడికి చేరిపోయింది. వెంటనే రక్తం ఎక్కించాలి."

ఎక్కించారు. పాప దక్కింది. మీకు 'పాప క్షేమం' అని రాసింది అంతవరకే నిజం.

మర్నాటి నుంచి ఎడమ చెయ్యి ఉండుండి కొట్టుకునేది. ఫిట్సన్నారు. గుడ్డలో బిగించి చుట్టి, హోరు వినబడకుండా చెవులు కప్పి, పెద్ద స్కాన్ తీశారు. రక్తం చాలనప్పుడు మెదడు కుడివైపు కొంత దెబ్బతిందట.

"ఎంతనేది ఇప్పుడే చెప్పలేనమ్మా. పెరిగేకొద్దీ తెలుస్తుంది," అన్నాడు పిల్లల డాక్టరు.

వాపు ఇప్పుడు తీస్తోంది. చూడవచ్చినవాళ్ళు గండం గడిచిందంటుంటే తలూపుతున్నాను. పాలిచ్చేటప్పుడు అరచేతిలో వేలు పెడితే కుడి చెయ్యి గట్టిగా పట్టుకుంటుంది. ఎడమది పట్టుకోదు. అమ్మకు తెలుసు. పాపను భుజాన వేసుకుని గదిలో అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది.

మీకు రాస్తే నిజమైపోతుందని దాచాను.

సెలవు అడగనా అన్నారు. అక్కర్లేదు, మేం చూసుకుంటాం అన్నది నేనే. చూసుకోలేకపోతున్నాను. రండి.

ఇట్లు,
మీ పాప తల్లి