తలుపు బయట 'ఇట్ ఈజ్ మీ'

బాపూ, దండం.

నువ్వు పోయి ఎనిమిది నెలలైంది. కోంటా బడిలో నీ కుర్చీలో ఇప్పుడు నేనే కూర్చుంటున్నాను. కానీ మొన్నటిదాకా అది నాది కాదు... జగదల్‌పూర్ నుంచి సంస్థానం బళ్లు చూసే తెల్లదొరగారు వచ్చి, నా ఇంగ్లీషు పరీక్షించి ఖాయం చేయాల్సి ఉండింది. ఆడదానికి ఇంగ్లీషు క్లాసేంటని ఊళ్లో సగంమంది గొణుగుతూనే ఉన్నారు.

నీ పద్ధతి ఒక్కటీ మార్చలేదు. ఆలస్యంగా వచ్చిన పిల్లలు తలుపు తట్టాలి. ఎవరని ఇంగ్లీషులో అడుగుతాను. 'ఇట్ ఈజ్ ఐ' అంటేనే లోపలికి. 'ఇట్ ఈజ్ మీ' అంటే సరిదిద్దుకునేదాకా ఎండలో నిలబడాల్సిందే. "'మీ' అంటే నన్ను. వచ్చింది నన్ను అంటమా బిడ్డా? వచ్చింది నేను అంటం. గట్లనే ఇది గూడ" అనేవాడివి... గుర్తుందా?

సోమవారం ఎవరో తట్టారు. బోర్డు మీద రాస్తూనే అడిగాను. 'ఇట్ ఈజ్ మీ' అని వినబడింది. తప్పు, సరిగ్గా చెప్పి లోపలికి రమ్మన్నాను, వెనక్కి తిరగకుండానే. కాసేపాగి, బుద్ధిగా 'ఇట్ ఈజ్ ఐ' అంటూ వచ్చింది ఎవరనుకున్నావు? దొరగారు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

ఆయన నవ్వాడు బాపూ. పుస్తకం ప్రకారం నువ్వు చెప్పిందే రైటట. కానీ వాళ్లమ్మ కూడా తలుపు తట్టి 'మీ' అనే అంటుందట. వాళ్ల ఇళ్లల్లో ఎవరూ 'ఐ' అనరట... ఇరవై ఏళ్లు నువ్వు ఎండలో నిలబెట్టిన మాట అది!

మీ భాషలో ఇలాంటివి ఉన్నాయా అని అడిగాడు. నాకు నువ్వే గుర్తొచ్చావు. భద్రాచలం ఆసుపత్రికి తీసుకెళ్తుంటే, శబరి ఒడ్డున పడవలో పడుకుని "పోయొస్త బిడ్డా" అన్నావు. పోతున్నవాడు వస్తాననడం ఏ వ్యాకరణం? కాలం తప్పితే ఎర్రసిరాతో గీసే నువ్వు... తిరిగి రావని తెలిసే అన్నావా?

అదే ఆయనకు చెప్పాను. ఆయన టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. పోవడం, రావడం రెండూ ఒక్క మాటలో ఎలా పట్టాయి బాపూ? పుట్టినప్పటి నుంచి అంటూనే ఉన్నాను, ఒక్కనాడూ ఆశ్చర్యపోలేదు. ఇప్పుడు ఆ మాట ఎవరు అన్నా ఒళ్లు జలదరిస్తోంది.

కుర్చీ ఖాయమైంది. ఆ ఒక్క పద్ధతి మాత్రం తీసేశాను, కోప్పడకు. పరీక్ష కాగితంలో 'ఐ' అనే రాయిస్తాను. తలుపు దగ్గర మాత్రం ఎవరేమన్నా ముందు తలుపు తీస్తాను.

నువ్వు తట్టినా అంతే. ఏమన్నా సరే... తీస్తాను.

నీ బిడ్డ,
రాజమ్మ