శుక్రవారం కూస్‌కూస్

డాక్టరు జవాద్ గారికి,

నేను ఘీత అత్తగారిని. తనకున్న అలసట జబ్బుకి మందు లేదు, అలిసేలోపే పని ఆపి పడుకోమని మా కోడలికి చెప్పారట. నిజంగా మీరే చెప్పారా, తనే కల్పించిందా? మొన్న శుక్రవారం మగవాళ్ళు నమాజు నుంచి వచ్చేసరికి, రవ్వ నలిపి ఆవిరి పట్టి, ఇంటిల్లిపాదికీ కూస్‌కూస్ చేసి నవ్వుతూ వడ్డించింది. మర్నాటి నుంచి నాలుగు రోజులు మంచం దిగలేదు.

"నిన్న బాగానే చేశావుగా!" అన్నాను మొదటి రోజే.

"చేశాను కాబట్టే అత్తయ్యా" అంది. ఎంత పొగరో చూడండి!

ఇంకొక్క మాట. రంజాన్‌లో నాకొచ్చిన జ్వరం తగ్గినప్పటి నుంచి, ఆ కూస్‌కూస్ కుండ ఎత్తితే నేనూ రెండు రోజులు లేవలేకపోతున్నాను. ఇంట్లో చెప్పలేదు. ఘీతదంతా నాటకమని వాళ్ళకి నూరిపోసింది నేనే కదా.

జవాబు ఘీత చేతికే ఇచ్చి పంపండి. నన్ను నమ్మేది ఆ పిల్లొక్కతే.