అత్త మళ్ళీ బయట చేరింది

బుధవారం, మాఘమాసం, 1974. చోడవరం.

ఇవాళ మా అత్తని చూస్తే నాకు ఎంత గర్వంగా ఉందో.

ముట్లుడిగి ఏళ్లయిన మనిషి, దసరా వెళ్ళేక మళ్ళీ పెరటి అరుగు మీద చాప వేసుకుంది. "బయట చేరేనే, ముట్టుకోకు" అంది. వయసు తిరిగొచ్చిందని పక్కింటోళ్లు వేళాకోళం ఆడేరు. ఆ ఆచారం పాటించబట్టే నాకు తెలిసింది, దాచుకుంటే ఎవరికి తెలుస్తాది? బతిమాలి విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళేను. గర్భసంచి మూతి మీద పుండుంది. ముక్క తీసి పరీక్ష చేసేరు. ఇంకా కేన్సర్ కాలేదని చెప్పి, డాక్టరమ్మ దాన్ని కాల్చి మాన్పింది.

ఇవాళ బెల్లం గానుగ దగ్గర ఆడోళ్లందరి ముందూ అత్త నోరు విప్పింది.

"ముట్లుడిగేక రక్తం కనిపిస్తే అది ముట్టు కాదు. నాలాగ చాపేసుకుని కూకోకండి. డాక్టరుకి సూపించుకోండి."

ఎవరూ నవ్వలేదు. నేను తలొంచుకుని చెరుకు అందిస్తన్నాను గానీ లోపల పొంగిపోయేను.

ఒక్కటే గుబులు. ఈ పుండు ఎందుకొస్తాదని అప్పుడు అడిగితే, ఏదో క్రిమి వల్లని అనుమానం, ఇంకా తేలలేదు, నువ్వూ ఓసారి చూపించుకో అంది డాక్టరమ్మ. సిగ్గేసి నేనే వాయిదా వేస్తన్నాను...

సాయంత్రం పొయ్యి దగ్గర అత్త అంది, "ఎదురింటి సత్యవతికీ నాలాగే అవుతందంట. రేపు పొద్దున్న బస్సుకి తీసుకెళ్తన్నాను. నువ్వూ బయల్దేరు, నిన్నూ సూపిస్తాను."

అప్పుడు పెద్దాసుపత్రికి నా కొంగు పట్టుకుని బస్సెక్కిన మనిషి, ఇప్పుడు మమ్మల్ని తీసుకెళ్తానంటంది.