హాట్ ప్రెస్‌లో పుదీనా

అమ్మా సుధేష్ణా,

నేను లోహిత అమ్మను. నీ నంబరు దాని ఫోనులో ఉంది, ఆ ఫోను మాకు తెరుచుకోవడం లేదు. అందుకే సిటీవెస్ట్‌లో మీరిద్దరూ కలిసి అద్దెకున్న ఇంటికి ఉత్తరం రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకో తల్లీ.

నువ్వు శనివారం ఇల్లు ఖాళీ చేస్తున్నావని ఇంటివాళ్లు మా అబ్బాయికి చెప్పారు. మీ హాట్ ప్రెస్‌లో, అదే, వేడినీళ్ల ట్యాంకు ఉండే అలమరలో, పై అరన బట్ట మీద పుదీనా ఆరబెట్టి ఉంటుంది చూడు. నాకు అన్నం అరగదని కుండీలో పెంచింది. ఆసుపత్రికి వెళ్లిన రోజు పొద్దున ఫోను చేసి, "అమ్మా, నీ పుదీనా హాట్ ప్రెస్‌లో పెట్టాను" అంది. "ఆకుల్ని ఇస్త్రీ చేస్తారటే, పిచ్చిదానా!" అన్నాను. ఎంత నవ్విందో! మళ్లీ దాని గొంతు వినలేదు.

వీసా వచ్చి నేను ఈ దేశానికి, కిల్కెన్నీ ఊళ్లో మా అబ్బాయి దగ్గరికి చేరేసరికి అంతా అయిపోయింది. ముఖం చూడలేదు. దాని బట్టలు కూడా పంచేశారు. "పుదీనా షాపులో దొరుకుతుందమ్మా" అంటాడు వాడు.

అది పారెయ్యకమ్మా, నీ కాళ్లు పట్టుకుంటాను. నలిపితే ఆకు కరకరలాడాలి. అప్పుడే గాజు సీసాలో పోసి మూత పెట్టి నాకు పంపు. మెత్తగా ఉంటే పెట్టకు, బూజు పడుతుంది.

ఇప్పటికే పారేసి ఉంటే మాత్రం నాకు చెప్పకు. ఇంకేదైనా పుదీనా ఎండబెట్టి పంపు తల్లీ. నేనేమీ అడగను.

ఇట్లు,
లోహిత అమ్మ