పక్కగది తాళంచెవి

చెల్లీ,

ఒకనాటి పొద్దున ఈరోజంతా గుర్తొస్తోంది. నేను పూజలో ఉన్నాను. నువ్వు పక్కగదిలో నల్లబల్ల తుడిచి, బడి వదిలాక వచ్చే మన పామాయిల్ తోట కూలీల పిల్లల కోసం చాపలు పరుస్తున్నావు. పక్కింటి సీత వచ్చింది. వాళ్లమ్మ చీకటితోనే ఫ్యాక్టరీకి వెళ్తుందని రోజూ ఆ పిల్లకు జడ వేసేది నేను. తెచ్చిన మల్లెపూలు మాత్రం నీ చేతిలో పెట్టి బడికి పరుగెత్తింది. ఆ రోజు దేవుడి ముందు నా మనసు నిలవలేదు.

నువ్వు పోయాక ఆ గదిలో నీ పటం పెట్టి, దీపం వెలిగించి, తాళం వేశాను. అందరూ ప్రేమ అనుకున్నారు. నీ చోట ఇంకొకరు కూర్చుంటే ఓర్వలేకనే వేశాను.

ఈరోజు నీ సంవత్సరీకం. భోజనాల దగ్గర సీత ఎప్పటిలాగే మలయ్ 'లా' తగిలించి అడిగింది.

"పెద్దమ్మా, టీచరక్క గది తీయ్ లా. అమ్మ వచ్చేదాకా కొట్టు మెట్ల మీద కూకుంటే హోంవర్క్ ఎలాగ సేసేది?"

తమ్ముడు అందుకున్నాడు. "కారున్నోళ్ల పిల్లలు తెలుక్ ఇంతాన్ టౌన్‌లో ట్యూషన్‌కి పోతన్నారు. మన తోట పిల్లలకి మెట్లేనేటి? సిన్నక్కకి గుడి కట్టేసినావు గదక్కా."

తమ్ముడి కోడలు పాఠాలు తాను చెబుతానంది. సీత అప్పుడే వెళ్లి ఆమె పక్కన కూర్చుంది. నాకు మళ్లీ కుళ్లే.

సాయంత్రం అందరం కలిసి తేల్చుకున్నాం. నీ పటం నా పూజగదిలోకి వస్తుంది. సోమవారం నుంచి పక్కగది తోటలో పిల్లలందరిదీ. పాఠాలు కోడలు చెబుతుంది. తలుపు తీసేది నేను.